నర్సమ్మకు ఏమివ్వాలి

మొన్న భూపాలపల్లి వెళ్ళి వచ్చాను. మా సుగుణక్క పోయి పదకొండో రోజు. చివరి ఏళ్ళన్నీ ఆమె కూతురు భారతి దగ్గరే, బొగ్గుగని క్వార్టర్లలో గడిపింది. హనుమకొండ నుంచి ఆ కాస్త బస్సు ప్రయాణం కూడా ఇప్పుడు నాకు బరువే. దిగేసరికి నడుము పట్టేసింది. క్వార్టర్ ముందు టెంటు వేశారు. పొద్దున కార్యం అయిపోగానే దుకాణం నుంచి కోడిమాంసం వచ్చింది. కోసి, తోలు తీసి, ముక్కలు కొట్టి ప్లాస్టిక్ సంచుల్లో నింపి పంపారు. వంటవాళ్ళు దాన్ని కడిగి నేరుగా పెద్ద వంట గంజుల్లో వేశారు. ఎవరి చేతికీ ఒక ఈక అంటలేదు. తిన్నవాళ్ళందరికీ వెళ్ళేటప్పుడు మూత మీద అక్క పేరు చెక్కించిన స్టీలు డబ్బా ఒకటి ఇచ్చారు. మంచి డబ్బాయే. అలాంటివి మా ఇంట్లో ఇప్పటికే ఆరేడు ఉన్నాయి, ఒక్కోటీ పోయిన ఒక్కొక్కరి పేరుతో. వాటిలో పప్పులు పోసుకుంటే చనిపోయినవాళ్ళను వంటింట్లో వరసగా నిలబెట్టుకున్నట్టు ఉంటుందని అన్నీ అటక ఎక్కించాను.

భారతిని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. దాని మనవరాలికి రెండేళ్ళు. ఆ పిల్లను మొదటిసారి చూస్తున్నాను కదా, ఏదైనా తీసుకువెళ్ళాలి. ఏం తీసుకువెళ్ళాలో ఆలోచించే ఓపిక లేక, దారిలో ఒక కవరు కొని, అందులో నోట్లు పెట్టి పిల్ల చేతికిచ్చాను. పిల్ల ఆ కవరును నోట్లో పెట్టుకుని చప్పరించింది. అందరూ నవ్వారు. తిరుగు బస్సులో పరకాల దాటేదాకా అదే మనసులో మెదిలింది. ఇవ్వడం గురించి నాకు ఒక మనిషి నేర్పిన పద్ధతి ఒకటి ఉండేది. అది ఎప్పుడు మరిచిపోయానో కూడా గుర్తులేదు.

ఆ మనిషి మా అక్క అత్తగారు లచ్చమ్మ. బావకు తల్లి కాబట్టి నాకూ అత్తే, అత్తమ్మ అనే పిలిచేదాన్ని. ప్రత్యేక రాష్ట్రం కావాలని మొదటిసారి జనం లేచిన ఏడు, ఆమె ఇంట్లో నేను కొన్ని నెలలు ఉన్నాను. మాది తరిగొప్పుల. నాయిన నన్ను జనగామ హాస్టల్లో పెట్టి పదో తరగతి చదివిస్తున్నాడు. రోజూ ఊరేగింపులు, బందులు, లాఠీలు. చివరికి బడి మూతపడింది. నాయిన వచ్చి నా రేకుపెట్టె ఎత్తుకుని, ఊళ్ళో ఖాళీగా కూర్చోబెట్టేకన్నా అని కేసముద్రంలో అక్క దగ్గర దింపిపోయాడు. బావ అక్కడి స్టేషన్లో టిక్కెట్ల గుమాస్తా. అక్కకు అప్పుడు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి, తొమ్మిదో నెల రాగానే అక్కను వెంటబెట్టుకుని రైల్లో తరిగొప్పుల దారి పట్టాలని అనుకున్నారు. అప్పటిదాకా నేను నీళ్ళు తోడి, వంటకు సాయం చేయాలి.

ఆ ఇంట్లో పొద్దు అనేది అత్తమ్మ గంప ఎత్తడంతో మొదలయ్యేది. వాకిట్లో మూలకు బోర్లించిన పెద్ద వెదురు గంప కింద కోళ్ళు ఉండేవి. ఆమె దాన్ని ఒక పక్కకు వంచగానే బిలబిలమంటూ బయటికి వచ్చి ఆమె కాళ్ళ చుట్టూ తిరిగేవి. కొంగులోంచి జొన్నలు చల్లుతూ ఏ పెట్ట నలతగా ఉంది, ఏది గుడ్డుకు వచ్చింది, ఏ పుంజు ఎవరి పెరట్లోకి పోయి తన్నులాట పెట్టుకుంది అన్నీ తనలో తాను చెప్పుకునేది. పక్కనే ధాన్యం మార్కెట్టు. ఎడ్ల బండ్లు వచ్చిన రోజున వాకిలంతా వడ్ల దుమ్ము, పేడ వాసన, దూరంగా ఇంజను బొగ్గు పొగ. ఆ పొగకు ఆరేసిన బట్టల మీద నల్లటి నలుసులు పడేవి. అత్తమ్మ వాటిని దులపదు, తిట్టదు, ఉఫ్ అని ఊదేది. ఆమె ఏ పనికీ తొందరపడింది నేను చూడలేదు.

ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వస్తే మాత్రం ఆమెకు నిద్ర పట్టేది కాదు. పెళ్ళికో పురుటికో పిలుపు వస్తే, ముందుగా ఏదో ఒక సాకుతో ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి వచ్చేది. తాను వెళ్ళలేకపోతే నన్ను పంపేది. కట్టెల మోపు తెచ్చే మంగ్లి అని తండా ఆమె ఒకతె ఉండేది. ఆమె కూతురి పెళ్ళికి అందరూ రవిక గుడ్డలు పెడుతుంటే, అత్తమ్మ మానుకోట అంగట్లో ఒక సంచి నిండా చిన్న చిన్న అద్దాలు, ఎర్రదారం కొని తెప్పించింది. కూతురి పెళ్ళి లంగాకు చాలక మంగ్లి తన లంగా అద్దాలే ఊడదీసి కుడుతోందని, మోపు దించేటప్పుడు ఆ ఖాళీ దారాలు చూసి పట్టేసింది. మంగ్లి ఆ సంచి విప్పి చూసి, తమ భాషలో కూతురితో ఏదో అని, కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. వాళ్ళు వెళ్ళాక అత్తమ్మ నాతో అన్న మాట ఇది.

“మన పెట్టెల ఏమున్నదో సూసి ఇచ్చుడు కాదు బిడ్డ. ఆళ్ల ఇంట్ల ఏం లేదో సూసి ఇయ్యాలె.”

ఇక నర్సమ్మ సంగతి. ఊళ్ళో ఒక చిన్న దవాఖాన ఉండేది. డాక్టరు వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో అన్నీ నర్సే. సీతారత్నం అని, తెనాలి పక్క పల్లె ఆమెది. ముప్పై దాటిన మనిషి, తెల్లచీర, వెనక గట్టిగా బిగించిన ముడి. తల్లి ఒక్కతే ఊళ్ళో ఉందని చెప్పుకునేవారు. పనిలో మంచిదని అందరూ అనేవారు. నాకు మాత్రం ఆమె మీద మొదటి రోజే మనసు విరిగింది. అక్కను చూపించడానికి తీసుకువెళ్ళి, “నడుము గిట్ల నొస్తున్నదంట” అన్నాను. ఆమె నవ్వి, “గిట్ల ఏంటమ్మా, గిట్ల” అని నా గొంతుతోనే అని చూపించింది. బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళు మాట్లాడేదీ ఆ మాటే. అయినా నవ్వారు. ఆ నవ్వే నాకు ఎక్కువ తగిలింది. జనగామ బడిలో కూడా ఇలాంటి నవ్వులు విన్నాను. దానికి తోడు నాతో చదివే అమ్మాయి అక్క నర్సు చదువు పూర్తిచేసి ఏళ్ళ తరబడి ఉద్యోగం కోసం ఇంట్లో కూర్చుని ఉంది. మా ఉద్యోగాలు వేరేవాళ్ళకు పోతున్నాయి అనే మాట ఊరేగింపులో విన్నప్పుడల్లా నాకు ఆ అక్కా, ఈ నర్సమ్మా కలిసే గుర్తొచ్చేవారు.

స్టేషను దగ్గర చేరే యువకులు కొందరు ఒక మధ్యాహ్నం ఇంటింటికీ వచ్చి పాత చెప్పులుంటే ఇమ్మన్నారు. పెద్దవాళ్ళెవరూ ఆ సమయానికి వాకిట్లో లేరు. నావి ఉన్నాయి, జనగామలో కొన్నవి, అరిగిపోయాయని బావ కొత్తవి కొనిచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. అడగక్కరలేదు, నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. సాయంత్రం వాటన్నిటినీ దండగా గుచ్చి నర్సమ్మ గది తలుపుకు వేలాడగట్టారు. వెళ్ళిపొమ్మని నినాదాలు ఇచ్చారు. వెనక వరసలో ఆడపిల్లల మధ్య నిలబడి నేనూ ఇచ్చాను. తలుపు తెరుచుకోలేదు. పోతూ పోతూ వాళ్ళు బజారులో చెప్పిపోయారు, ఆమెకు ఎవరూ సరుకు అమ్మొద్దని, ఏ పనీ చేసిపెట్టొద్దని.

అప్పటికే రైళ్ళు ఆగిపోయాయి. జనం పట్టాల మీద కూర్చున్నారు. అక్కను తరిగొప్పుల తీసుకువెళ్ళాల్సిన రోజు దాటిపోయింది. బస్సులూ లేవు, అమ్మకు కబురు పంపే దారీ లేదు. దండ కట్టిన మూడో రోజు పొద్దున అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని ముసలమ్మ వచ్చి చూసి, చేతులు కడుక్కుని పక్కకు వచ్చి, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నదని, వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోతే తప్ప తన వల్ల కాదని చెప్పింది. బావ స్టేషనుకు పరుగెత్తాడు, గూడ్సు బండైనా కదులుతుందేమోనని. లోపల అక్క అరుపు పెరుగుతోంది. అత్తమ్మ నా వైపు తిరిగింది.

“పోయి నర్సమ్మను పిల్సుకరా.”

నేను కదలలేదు. ఆమె వస్తదో రాదో అని గొణిగాను. అత్తమ్మ నన్ను ఒక్క క్షణం చూసి, వచ్చేది రానిదీ ఆమె ఇష్టం, పిలిచేది మన పని అంది.

దవాఖాన వెనకే ఆమె గది. నేను అక్కడికి చేరేసరికి దండ తలుపు మీద లేదు. ఆమె దాన్ని విప్పి, అందులోని చెప్పులన్నీ జతలు జతలుగా ఏరి, అరుగు మీద గోడ పొడుగునా వరసగా పేర్చిపెట్టింది. ఎవరివి వాళ్ళు వచ్చి తీసుకువెళ్ళడానికి పెట్టినట్టు. మూడో జత నాది. తలుపు కొట్టి, సుగుణక్క చెల్లెలిని, రుక్కును అని చెప్పాను. చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. ఎదురుకాళ్ళని, మంత్రసాని చేతులెత్తేసిందని చెప్పాను. ఆమె నా ముఖం వైపు చూడలేదు.

“నీళ్ళు పోయాయా? ఎంతసేపైంది?” అంది.

సమాధానం వినేలోపే సంచి భుజాన వేసుకుంది. దారిలో ఆమె రెండుసార్లు తూలింది. చూస్తే, కుడి చెప్పు బొటనవేలి పట్టీ తెగిపోయి ఉంది. గాయాలకు కట్టే తెల్లటి పట్టీ గుడ్డతో దాన్ని ముడివేసుకుంది. మూడోసారి అది ఊడిపోగానే రెండు చెప్పులూ విప్పి చేత్తో పట్టుకుని, ఎండకు కాలుతున్న నేల మీద వట్టి కాళ్ళతోనే మా ఇంటిదాకా నడిచింది.

మధ్యాహ్నం లోపలికి వెళ్ళిన మనిషి పొద్దు వాలే ముందు బయటికి వచ్చింది. నేను వేడినీళ్ళు మోస్తూ గడప దగ్గరే ఉన్నాను. బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. ముఖం నీలంగా ఉంది. నర్సమ్మ ఆ పిల్ల నోట్లోంచి ఏదో తుడిచి, వీపు మీద రుద్దుతూ, మెల్లగా తడుతూ, ఎవరితోనో బతిమాలుతున్నట్టు తనలో తాను మాట్లాడింది. ఎంతసేపో చెప్పలేను. ఆ తర్వాత పిల్లి కూనలా ఒక గొంతు వినిపించింది. అత్తమ్మ గోడకు జారబడి అక్కడే కూర్చుండిపోయింది. ఆ పిల్లే భారతి.

అన్నం తిని పొమ్మని అత్తమ్మ ఎంత చెప్పినా నర్సమ్మ తినలేదు. మంచినీళ్ళు తాగింది. తాను ఇక్కడ తిన్నట్టు తెలిస్తే మీకే ఇబ్బంది అని చెప్పి, వీధి వాకిలి గుండా కాక పెరటి దారిన వెళ్ళిపోయింది.

ఆమెకు ఏమివ్వాలి అన్నది ఆ తర్వాత ఇంట్లో పెద్ద ఆలోచన అయింది. ఆమె బదిలీ కోరుకుందని, రైళ్ళు కదలగానే వెళ్ళిపోతుందని బావ కబురు తెచ్చాడు. మంచి పట్టుచీర పెడదామన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఏడాదంతా తెల్లచీర కట్టే మనిషికి పట్టుచీర పెట్టెలో పడి ఉంటుంది తప్ప ఒంటి మీదికి రాదంది. నాకు ఒక గిన్నెడు పాలు ఇచ్చి, ఇచ్చే సాకుతో గది చూసి రమ్మని పంపింది. వెళ్ళి చూశాను. సామాను సగం సర్ది ఉంది. పొయ్యి చల్లగా ఉంది, బూడిద కూడా లేదు. గూట్లో నానబెట్టిన అటుకులు, ఒక బిస్కట్ల పొట్లం. గుమ్మం పక్కన అవే చెప్పులు, అదే పట్టీ గుడ్డ ముడి, ఇప్పుడది మట్టిరంగులోకి మారింది. ఇంటికి వచ్చి చూసిందంతా చెప్పి, ఆమెకు లేనిది చెప్పులు, కొత్త జత ఇద్దామని అన్నాను.

అత్తమ్మ చేతిలో పని ఆపింది. “ఎవలన్న ఆడిమనిషికి చెప్పులు పెడ్తరా. అందుల గామె దర్వాజకు గ పని జేసినంక.”

ఆ దండలో ఎవరి చెప్పులున్నాయో ఆమెకు తెలియదు. నేను లోపలికి వెళ్ళి నీళ్ళ కుండ దగ్గర నిలబడ్డాను. నాకు కనిపించిన లోటు సరైనదే, కానీ దాన్ని పూడ్చే దారిని నేనే మూసేశాను. ఆ సంగతి అర్థమయ్యే వయసు నాకు అప్పటికే వచ్చింది.

కాసేపటికి అత్తమ్మ తానే తేల్చింది. ఆ మనిషి కడుపునిండా బువ్వ తిని ఎన్ని దినాలైందో, ముందు అన్నం పెడదాం అంది. అయితే మన వంట కాదు, ఆమె ఇంట్లో తల్లి వండేది పెట్టాలట. అది కనుక్కోవడానికి నన్ను మళ్ళీ పంపింది. నర్సమ్మ మొదట చెప్పలేదు. తర్వాత పెట్టె సర్దుతూనే, వాళ్ళ అమ్మ మినప గారెలు చేసి నాటుకోడి పులుసులో వేసి పెడుతుందని, గారె పులుసు పీల్చుకోవాలి గాని విరిగిపోకూడదని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె చేతులు కాసేపు ఆగాయి. మా ఇంట్లో గారెలంటే బొబ్బెర్ల గారెలే, అంటే అలసందలవి. మినపప్పు గారెలు అత్తమ్మ అప్పటిదాకా చేయలేదు.

పురుడు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే అత్తమ్మ గంప మొత్తం ఎత్తలేదు. అంచు కొంచెం లేపి చేయి పెట్టి, ఇంకా గుడ్డుకు రాని ఎర్రపెట్టను పట్టుకుంది. రొమ్ము దగ్గర వేళ్ళతో నొక్కి చూసి తల ఊపింది. ముసలి పెట్ట అయితే పులుసు బాగుంటుంది గాని ముక్క ఉడకదట. మరీ పిల్ల అయితే పులుసుకు రుచి రాదట. కోయడం మాత్రం ఆమె చేసింది. మిగతాది నీదే అంది. ఇంతకుముందు నేను చూడడమే గాని చేసింది లేదు. మరిగిన నీళ్ళలో ముంచి తీసి, వేడి ఆరకముందే ఈకలు పీకాలి. ఎక్కువసేపు ముంచితే తోలు ఊడివస్తుంది. వేళ్ళు కాలాయి. తడి ఈకల వాసన గొంతులో పట్టుకుంది. రెక్కల కింద మొండి ఈకలు రాక గోళ్ళతో ఒక్కొక్కటే లాగాను. తర్వాత వరిగడ్డి మంట వేసి, కాళ్ళు పట్టుకుని నాలుగు వైపులా తిప్పుతూ కాల్చాను. సన్నటి నూగు చిటపటమని కాలి, తోలు బిగిసి, బంగారు రంగుకు వచ్చింది. పసుపు రుద్ది, నీళ్ళు పోసి, పీచుతో తోమి కడిగాను. పొట్ట కోసేటప్పుడు అత్తమ్మ నా పక్కన కూర్చుంది. కార్జానికి అంటుకుని పచ్చగా ఒక చిన్న తిత్తి ఉంటుంది. అది చిట్లితే కోడి మొత్తం చేదవుతుంది. ఆమె నా మణికట్టు కింద తన చేయి ఆనించి పట్టుకుంది. తిత్తి పగలకుండా వచ్చింది. కందనకాయను చీల్చి లోపలి పొర ఒలిచి, అందులోని ఇసుక, జొన్న గింజలు కడిగేశాను.

రోట్లో ధనియాలు, మిరియాలు, ఎండుకొబ్బరి కుడుక, అల్లం, ఎల్లిగడ్డ నూరాను. మట్టికుండలో నూనె కాగాక ఉల్లిగడ్డలు ఎర్రబడేదాకా వేయించి, ముక్కలు వేసి, తోలులోని కొవ్వు కరిగి పైకి తేలేదాకా నీళ్ళు పోయనివ్వలేదు అత్తమ్మ. కట్టెలు ఎక్కువ పెడితే తీసేసేది. నాటుకోడి మంటకు ఉడకదు, సమయానికి ఉడుకుతుంది అనేది. మినప్పిండి రుబ్బి రుబ్బి నా భుజం లేవలేదు. మొదటి నాలుగు గారెలు గట్టిపడ్డాయి. అవి మేం తిన్నాం. ఆ తర్వాతవి కుదిరాయి.

మధ్యాహ్నం బావ రైళ్ళు లేక ఖాళీగా ఉన్న టిక్కెట్ల కిటికీ మూసి, కోటు గుండీలు పెట్టుకుని, తానే వెళ్ళి నర్సమ్మను పిలుచుకొచ్చాడు. పెరటి దారిన కాదు. నడి బజారులోంచి, మార్కెట్టు ముందు నుంచి, పక్కపక్కనే నడుస్తూ. మా బావ మెతక మనిషి. పై అధికారి ముందు గొంతు పెగలదని అక్క నవ్వేది. ఆ రోజు అతను అలా నడిచి వస్తుంటే, దండ కట్టిన యువకులు స్టేషను గోడ మీద కూర్చుని చూశారు. ఎవరూ గోడ దిగలేదు.

ఆమె మెట్టు మీద చెప్పులు విప్పి లోపలికి వచ్చి పీట మీద కూర్చుంది. అత్తమ్మ ఇస్తరాకులో కార్జం ముక్క ముందు పెట్టింది, తర్వాత గారెలు, వాటి మీద పులుసు. నర్సమ్మ గారె చివర తుంచి నోట్లో పెట్టుకుని తల వంచుకుంది. ఇక నేను చూడలేదు. బయటికి వచ్చి, మెట్టు మీది చెప్పులు వోణీ చాటున పెట్టుకుని మార్కెట్టు మూలకు పరుగెత్తాను. అక్కడ చెప్పులు కుట్టే మల్లయ్య కూర్చునేవాడు. మా అక్కవి, తొందరగా కావాలి అన్నాను. అతను పట్టీ గుడ్డ ముడి విప్పి, దాన్ని కాసేపు చూశాడు.

“ఎవలియో నాకెర్కె బిడ్డ. కూసో” అన్నాడు.

అతనికీ హెచ్చరిక అందే ఉంటుంది. ఒకసారి అటూ ఇటూ చూసి, చెప్పును మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కొత్త తోలుతో వేలి పట్టీ కుట్టాడు. తెగని రెండో చెప్పుకూ కుట్లు బిగించాడు. నేను తిరిగి వచ్చేసరికి నర్సమ్మ చేతులు కడుక్కుని, అత్తమ్మ చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టిన పసిపిల్లను చూస్తోంది. రొప్పుతూనే చెప్పులు మెట్టు మీద ఉన్నచోటే పెట్టాను.

ఆమె బయటికి వచ్చి కాలు పెట్టి ఆగింది. వంగి వేలితో కుట్టు తడిమింది. ఎవరు కుట్టించారని అడిగింది. నేనేనన్నాను. ఇక దాచుకోలేకపోయాను.

“గా దండల నా చెప్పులు గూడ ఉండె నర్సమ్మ. నేనే ఇచ్చిన.”

“తెలుసు” అంది ఆమె. “నువ్వు ఈ ఊరికి వచ్చిన వారానికి, నీ చెప్పులోంచి దిగిన తుమ్మముల్లు తీసింది నేనేగా. ఎడమ మడమ దగ్గర ఆ బొక్క అలాగే ఉంది.”

నేను మరిచేపోయాను ఆ ముల్లు సంగతి. తెలిసి కూడా ఎట్ల వచ్చినవని అడిగాను. మీ అక్క నొప్పులు పడుతోందన్నావు, వచ్చాను అంది. మళ్ళీ తానే అంది.

“కోపం లేదని మాత్రం అనను, రుక్కూ. చిన్నపిల్లవి, తెలియక చేశావనుకుందామంటే, తెలిసే చేశావు.”

నా మాటను ఆమె వెక్కిరించిన రోజు అప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. నోరు విప్పే ముఖం నాకు లేదనుకున్నాను. అని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఆమెకూ ఒక మాట చెప్పుకునే వీలు దొరికేది. ఆమె చెప్పులు వేసుకుని, కొత్త తోలు కరుస్తుంటే కొంచెం కుంటుతూ వీధి దారినే వెళ్ళింది. నాలుగైదు రోజులకు రైళ్ళు కదిలాయి. ఆమెను బావే బండి ఎక్కించాడు. స్టేషను గోడ మీద కూర్చునే వాళ్ళలో ఒకడు వచ్చి ఆమె పెట్టె పైకి అందించాడట. ఆమె వద్దనలేదట, థాంక్స్ అని కూడా అనలేదట. ఆ తర్వాత ఆమె సంగతి మాకు తెలియలేదు. ఉత్తరం రాయడానికి చిరునామా ఉన్నా ఎవరం రాయలేదు.

ఆ ఏడు మా చదువు పోయింది. ఉద్యమం చల్లబడింది. మళ్ళీ జనగామ వెళ్ళి అదే తరగతిలో కూర్చున్నాను. కొందరు రాలేదు, వాళ్ళకు పెళ్ళిళ్ళయిపోయాయి. నేను టీచరునై మానుకోటలో రిటైరయ్యాను. ఎన్నో పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు వెళ్ళాను. మొదట్లో అత్తమ్మ చెప్పినట్టు కాస్త చూసి, ఆలోచించి ఇచ్చేదాన్ని. తర్వాత గోడ గడియారాలు. తర్వాత కవర్లు. ఒకరి ఇంట్లో ఏం లేదో చూడాలంటే ఆ ఇంట్లో కాసేపు కూర్చోవాలి, వాళ్ళను చూడాలి, చూసింది రెండు రోజులు మనసులో పెట్టుకోవాలి. నాకు కూర్చునే ఓపిక తగ్గింది. వాళ్ళకూ కూర్చోబెట్టుకునే తీరిక తగ్గింది. ఎవరినీ అనడానికి లేదు. అత్తమ్మ పోయింది, బావ పోయాడు. చెప్పుల సంగతి అక్కకు ఒక్కసారైనా చెప్పాలనుకుంటూనే ఉన్నాను, ఇప్పుడు అక్క కూడా పోయింది.

రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పులతోనే శిబిరంలో కూర్చున్నాను. రాష్ట్రం వచ్చింది. మా భాషలో మేం మాట్లాడితే ఎవరూ నవ్వని రోజు వచ్చిందని ఏడ్చాను కూడా. ఆ సంతోషంలో అబద్ధం లేదు. మానుకోటలో మా బడిలో సభ పెట్టి, తొలి ఉద్యమంలో ఉన్నవాళ్ళమని మా నలుగురికీ శాలువాలు కప్పారు. సభ అయ్యాక కొత్తగా చేరిన ఒక టీచరమ్మ నోటు పుస్తకం పట్టుకుని నా పక్కన కూర్చుంది. అప్పుడు మీరేం చేసిన్రు మేడం అని అడిగింది. ఊరేగింపుల్లో నడిచినమని, నినాదాలు ఇచ్చినమని, ఒక ఏడు చదువు పోయిందని చెప్పాను. అన్నీ రాసుకుంది. ఇంకేమన్న ఉన్నదా అంది. ఉందని, ఆ చెప్పుల దండ సంగతి చెప్పబోయాను. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూసి ఆగాను. నేను అలసిపోయిన, బిడ్డా, ఇంకోసారి చెప్తా అన్నాను. ఆ తర్వాత ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ ఒంట్లో బాగాలేదని చెప్పాను. మూడోసారి ఆమె చేయలేదు.